బస్సులో తిరిగే నర్సింగ్ విద్యార్థుల సంగతి ఎవరు చూస్తారు? కన్సల్టెన్సీలకు, యూనివర్సిటీలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లో నర్సింగ్ కోర్సులకు విద్యార్థులను పంపుతున్న కన్సల్టెన్సీల నిర్వాహకులకు, ఆ కోర్సులు నడుపుతున్న యూనివర్సిటీల అంతర్జాతీయ విభాగాలకు, ప్లేస్‌మెంట్ ఆఫీసులకు

గౌరవనీయులారా,

నమస్కారం. నేను ఇంగ్లాండ్‌లో అడల్ట్ నర్సింగ్ బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్యే నా కమ్యూనిటీ ప్లేస్‌మెంట్ పూర్తయింది. ఆసుపత్రిలో కాకుండా, డిస్ట్రిక్ట్ నర్సుల టీమ్‌తో రోగుల ఇళ్లకు వెళ్లి నేర్చుకునే డ్యూటీ అది. అందులో నాకూ, నాతోపాటు ఉన్న ఇతర విదేశీ విద్యార్థులకూ ఎదురైన ఇబ్బందులను ఈ డ్యూటీలు కేటాయించే ప్లేస్‌మెంట్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పుకున్నాం. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని కంప్యూటర్ పంపే జవాబు వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నన్ను పంపిన కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "అడ్మిషన్, వీసా వరకే మా పని అమ్మా" అన్నారు. ఆ రెండు పనులూ చక్కగానే చేసిపెట్టారు, కాదనను.

ఏ యూనివర్సిటీ, ఏ కన్సల్టెన్సీ అన్నది ఇక్కడ రాయడం లేదు. ఒకరిద్దరిని బజారుకీడిస్తే మిగతావాళ్లు "మా దగ్గర అలా జరగదు" అని తప్పించుకుంటారు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ కోర్సులకు అప్పుచేసి ఫీజులు కడుతున్న తల్లిదండ్రుల్లో చాలామంది చదివేది తెలుగే. మేం అడిగితే మీరు పలకలేదు. వాళ్లు మీ ఆఫీసుకొచ్చి ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పక తప్పదు కదా.

ముందే ఒక మాట. నా ఫిర్యాదు కమ్యూనిటీ నర్సింగ్ మీద కాదు. నిజానికి ఈ కోర్సులో నాకు బాగా వంటబట్టిన చదువు అదే. అందుకే అది మా చేతిలోంచి జారిపోతుంటే ఊరుకోలేకపోతున్నాను.

అసలు అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోతే మా బాధ అర్థం కాదు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇంటికి వెళ్లి చూసే నర్సు ఇక్కడ కొత్త కాదు. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, చివరి రోజుల్లో తన భార్యను ఇంట్లో చూసుకున్న మేరీ రాబిన్సన్ అనే నర్సును, భార్య పోయాక ఊళ్లోని పేదల ఇళ్లకు వెళ్లి సేవ చేయడానికి జీతమిచ్చి పెట్టారు. డిస్ట్రిక్ట్ నర్సింగ్‌కు అది మొదలు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ నిధితో ఆ పనికి శిక్షణ ఇచ్చే సంస్థ వచ్చింది. ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ పుట్టింది 1948లో. అంటే దానికంటే ఈ పనే దాదాపు తొంభై ఏళ్లు పెద్దది.

ఇప్పుడు ఈ టీమ్‌లు చూసేది ఎక్కువగా ఇల్లు కదలలేని వాళ్లను. కాళ్ల పుండ్లు, పడక పుండ్లు, మూత్రం కోసం పెట్టే క్యాథెటర్ గొట్టం మార్చడం, సొంతంగా వేసుకోలేని వాళ్లకు ఇన్సులిన్, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండా చూసే సిరంజ్ డ్రైవర్. ఈ చివరిది చేతిలో పట్టేంత చిన్న పంపు. 24 గంటలపాటు చర్మం కిందికి మందు కొద్దికొద్దిగా పంపుతూ ఉంటుంది. రోజూ నర్సు వచ్చి మళ్లీ నింపాలి. నర్సు సిరంజి నింపుతుంటే పక్కగదిలోంచి ఇంటివాళ్లు "ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగితే ఏం చెప్పాలో వార్డులో నేర్పరు. వార్డులో అయితే ఆ ప్రశ్న డాక్టరు దగ్గరికి పోతుంది. ఇంట్లో ఉన్నది నర్సు ఒక్కతే.

ఒక్క ఇంటి గురించి చెబుతాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొన్ని మార్చాను.

ఎనభై దాటిన ఆవిడ, ఒంటరిగా ఉంటారు. సిరల్లో రక్తం సరిగా పైకి పోక కాలికి పుండు పడింది. ఇలాంటి పుండుకు పైన పూసే మందుకన్నా బిగువు కట్టే ముఖ్యం. ముందు డాప్లర్‌తో కాలికి రక్తం బాగా అందుతోందో లేదో చూసి, చీలమండ దగ్గర పాదరసం కొలతలో 40 మిల్లీమీటర్ల ఒత్తిడి వచ్చేలా పొరలు పొరలుగా కడతారు. ఇదంతా మేం క్లాసులో చదివిందే. తీరా ఆ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ కట్టు పై పొరలను కత్తెరతో కత్తిరించేసి కూర్చున్నారు. రెండు వారాలుగా ఇదే తంతు, పుండు మానడం లేదు. వార్డులో అయితే "రోగి సహకరించడం లేదు" అని ఫైల్లో రాసి ఊరుకునేవాళ్లం. మా నర్సు మాత్రం ఆవిడను ఏమీ అనలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి వరుసగా పెట్టి ఉన్న జోళ్లను చూసింది. అంత మందం కట్టుతో కాలు పట్టే జోడు ఒక్కటి కూడా లేదు. చెత్త డబ్బా బయట పెట్టాలన్నా ఆవిడ ఉత్త కట్టుతో తడి నేల మీద నడవాలి. పడిపోతానన్న భయంతో కత్తిరించుకుంటున్నారు. నర్సు ఆరోజే పలచని రెండు పొరల కట్టుకు మార్చి, వెల్‌క్రో పట్టీలున్న వెడల్పు జోడు కొనమని కూతురికి ఫోన్ చేసింది. తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు కట్టు చెక్కుచెదరలేదు.

ఇది నాకు ఏ లెక్చర్లోనూ దొరికేది కాదు. ఆ గుమ్మం దాకా వెళ్లాలి, జోళ్లు చూడాలి. గుమ్మం దాకా వెళ్లే అవకాశమే మాలాంటి విద్యార్థుల్లో చాలామందికి సరిగా దొరకడం లేదన్నది నా ఫిర్యాదు. ఇక అంశాలవారీగా చెబుతాను.

1. ఫీజు కట్టించుకునే ముందు ఈ సంగతి చెప్పడం లేదు.

ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు కావాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లెక్క ప్రకారం 4,600 గంటల కోర్సు చేయాలి. అందులో సగం, అంటే 2,300 గంటలు, ప్రాక్టీస్. 600 గంటల వరకు సిమ్యులేషన్‌లో, అంటే రోగి లేకుండా చేసే నమూనా సాధనలో, చేయనివ్వొచ్చు గానీ మిగతాదంతా నిజమైన రోగుల మధ్యే. ఇంటి దగ్గర చేసే సంరక్షణ కూడా ఇందులో భాగం. బ్రోషర్లలో మాత్రం మెరిసే ఆసుపత్రి భవనం, నవ్వుతున్న విద్యార్థులు, "క్యాంపస్‌కు దగ్గర్లోనే క్లినికల్ ట్రైనింగ్". కమ్యూనిటీ ప్లేస్‌మెంట్ అంటే హెల్త్ క్యాంపులా ఉంటుందని ఒక కౌన్సెలర్ నాతో అన్నారు. ఆయనకు తెలియక అన్నారో, తెలిసీ అన్నారో నాకు అంతుబట్టలేదు.

2. కారు లేని విద్యార్థికి రోజు ప్రారంభమయ్యే లోపే పాఠం దాటిపోతోంది.

డిస్ట్రిక్ట్ నర్సులు పొద్దున్న ఎనిమిదికల్లా బేస్‌లో, అంటే తమ టీమ్ ఆఫీసులో, చేరి, రోజు చూడాల్సిన ఇళ్లు పంచుకుని బయల్దేరతారు. మొదట వెళ్లేది ఇన్సులిన్ వేయాల్సిన వాళ్ల దగ్గరికి. నర్సు వచ్చి షుగర్ చూసి సూది వేసేదాకా వాళ్లు టిఫిన్ ముట్టుకోకుండా ఎదురుచూస్తుంటారు. ఆలస్యమైతే ప్రమాదం. కాబట్టి నర్సు ఎవరి కోసమూ ఆగదు, ఆగకూడదు కూడా.

నన్ను వేసిన బేస్‌కు మా ఊళ్లోంచి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు ఒక్కటి రాకపోతే రెండోది అందదు. ఎనిమిదింపావుకు చేరేసరికి కార్లన్నీ వెళ్లిపోయి ఉంటాయి. ఆరోజంతా బేస్‌లో కూర్చుని డ్రెస్సింగ్ ప్యాకెట్ల గడువు తేదీలు చూడటం, అల్మరా సర్దడం, ఆన్‌లైన్ మాడ్యూళ్లు చేయడం. మా నర్సులు మంచివాళ్లు. కుదిరినప్పుడల్లా మధ్యలో వెనక్కి వచ్చి తీసుకెళ్లేవారు. కానీ పది పదకొండు ఇళ్లు చూడాల్సిన నర్సు వెనక్కి రావడమంటే ఇంకో రోగి సమయం పోవడమే. ఇది వాళ్ల మంచితనంతో నడవాల్సిన పని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ మామూలు కారు ఇన్సూరెన్స్ సొంత పనులకు, మహా అయితే ఇంటికీ ఆఫీసుకూ మధ్య తిరగడానికే వర్తిస్తుంది. ఇళ్ల చుట్టూ పని మీద తిరగాలంటే బిజినెస్ కవర్ ఉండాలి. నర్సులకు ఎలాగూ ఉంటుంది. కారు ఉన్న విద్యార్థి అయినా ఇది తెలియక సొంత కారులో రోగి ఇంటికి వెళితే, దారిలో ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ చెల్లకపోవచ్చు. ఈ విషయం మాకు ఓరియెంటేషన్‌లో ఎవరూ చెప్పలేదు. ఒక నర్సు మాటల మధ్యలో అంటే తెలిసింది.

3. ప్రయాణ ఖర్చు మా నెత్తినే పడుతోంది.

ఇంగ్లాండ్‌లో అర్హులైన స్వదేశీ నర్సింగ్ విద్యార్థులకు ఎన్‌హెచ్‌ఎస్ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ కింద ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు ఉంది. దాంతోపాటు యూనివర్సిటీకి రోజూ వెళ్లే ఖర్చుకంటే ప్లేస్‌మెంట్‌కు ఎక్కువైతే ఆ తేడా కూడా తిరిగి ఇస్తారు. అంతర్జాతీయ ఫీజు కట్టే మాకు ఈ రెండూ వర్తించవు. గ్రాంటు ఇవ్వలేదని నేను అడగడం లేదు, అది ఆ దేశం తన పిల్లలకు ఇచ్చుకుంటున్నది. ప్రయాణం సంగతి వేరు. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది మేం కాదు, మీరు. ఇంగ్లాండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్ గరిష్ఠ ధర 2025 జనవరి నుంచి 3 పౌండ్లు. రెండు బస్సులు మారితే రోజుకు 12. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జీ ముందే కట్టి వచ్చినవాళ్లం మేం. అంటే ఎన్‌హెచ్‌ఎస్‌కు డబ్బు కట్టి, అదే ఎన్‌హెచ్‌ఎస్ రోగుల దగ్గరికి సొంత ఖర్చుతో వెళుతున్నాం.

4. పార్ట్‌టైమ్ లెక్క తప్పు.

"వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు, ఖర్చులు వెళ్లిపోతాయి" అని ప్రతి కౌన్సెలింగ్‌లోనూ చెబుతారు. స్టూడెంట్ వీసాలో ఆ వీలుంది, అబద్ధం కాదు. చెప్పనిదేమిటంటే ప్లేస్‌మెంట్ వారాల్లో మేం పూర్తి స్థాయి డ్యూటీ చేస్తాం, వారానికి 37.5 గంటల దాకా. దానికి జీతం ఉండదు. దాని మీద 20 గంటలు, ఆపైన బస్సుల్లో గడిచే సమయం. రాత్రి కేర్ హోమ్‌లో షిఫ్ట్ చేసి పొద్దున నేరుగా డ్యూటీకి వచ్చినవాళ్లను చూశాను. నిద్రమత్తులో ఉన్న మనిషి పక్కన ఇన్సులిన్ యూనిట్లు లెక్కపెడుతుంటే భయం వేయదా? ఆ సూదికి బాధ్యత రిజిస్టర్డ్ నర్సుదే, నిజమే. కానీ రేపు ఆ నర్సు మేమే.

5. డ్రైవింగ్ లైసెన్స్ గురించి ముందే ఎవరూ హెచ్చరించరు.

"మీ లైసెన్స్ అక్కడా చెల్లుతుంది" అని నాకు చెప్పారు. భారత లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత చెల్లదు. నేరుగా మార్చుకునే దేశాల జాబితాలో భారత్ లేదు. ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్స్, తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ మొదటినుంచి రాయాలి. ప్రాక్టికల్ స్లాటు దొరకడానికి నెలల తరబడి ఆగాలి. మా కోర్సులో కమ్యూనిటీ ప్లేస్‌మెంట్ రెండో ఏడాదిలో వచ్చింది. మొదటి ఏడాది కారు కొనే స్తోమత ఉండదు, రెండో ఏడాదికి నడిపే అర్హత ఉండదు.

6. గంటలు తగ్గితే నష్టం వీసా దాకా వెళుతుంది.

ఆలస్యమైన ప్రతి రోజూ గంటల లెక్కలో కోత పడుతుంది. అనారోగ్యం వల్ల పోయిన గంటలైనా, బస్సు రాక పోయినవైనా, చివరికి పూర్తి చేయాల్సిందే. స్వదేశీ విద్యార్థికి అది వేసవి సెలవుల్లో కొన్ని వారాలు ఎక్కువ పని. మాకు ఆ వారాలు వీసా గడువు దాటితే వీసా పొడిగింపు, మళ్లీ ఫీజు, మళ్లీ హెల్త్ సర్‌ఛార్జీ. మా బ్యాచ్‌లో ఒకరు ఈ టెన్షన్‌తో జ్వరంలోనూ డ్యూటీకి వచ్చారు. ఎనభై తొంభై ఏళ్ల రోగులున్న ఇళ్లకు జ్వరంతో రావడమంటే ఏమిటో నర్సింగ్ ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

7. చీకటి. ఉత్తర ఇంగ్లాండ్‌లో డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. డ్యూటీ నాలుగున్నరకు ముగుస్తుంది. ఊరి చివర బస్‌స్టాప్‌లో, యూనిఫాం మీద కోటు వేసుకుని, అరగంటకొకసారి వచ్చే బస్సు కోసం ఒంటరిగా నిలబడాలి. నర్సులు ఒంటరిగా తిరిగేటప్పుడు వాళ్ల భద్రతకు పరికరాలు, ఫోన్ చేసి రిపోర్ట్ చేసే పద్ధతులు ఉన్నాయి. విద్యార్థిని బేస్ నుంచి బయటకు వచ్చాక ఆ పద్ధతి ఏదీ వర్తించదు.

ఇవన్నీ మా బాధలే కదా, జనానికి ఏం సంబంధం అని మీరు అనవచ్చు. సంబంధం ఇదీ.

వార్డులో డిశ్చార్జ్ కాగితం నింపే నర్సు ఎప్పుడైనా రోగి ఇల్లు చూసి ఉండాలి. చూడని నర్సు "డిస్ట్రిక్ట్ నర్సు వస్తారు" అని ఒక్క ముక్క రాసి పంపేస్తుంది. శుక్రవారం సాయంత్రం రోగి ఇంటికి చేరతాడు. చేతిలో రెండు రోజులకు సరిపడా డ్రెస్సింగ్ సామాను ఉండదు. ఇన్సులిన్ వేయాలంటే కమ్యూనిటీ నర్సుకు రాతపూర్వక అనుమతి పత్రం కావాలి, అది వార్డు బల్ల మీదే ఉండిపోతుంది. శనివారం ఇంటికి వచ్చిన నర్సు సూది వేయకుండా ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది. రోగికి మెట్లెక్కే ఓపిక లేదు, బాత్రూమ్ పై అంతస్తులో ఉంది, ఆ సంగతి ఎవరూ అడగలేదు. మూడు రోజులకు అతను మళ్లీ అంబులెన్స్‌లో ఆసుపత్రికి. ఇలాంటి కేసులను నర్సులు కొత్తగా ఏమీ చెప్పుకోరు, అంత మామూలైపోయింది. ఒక్కసారి ఆ శనివారం ఇంట్లో నిలబడి చూసిన విద్యార్థి రేపు వార్డులో ఆ పని చేయదు.

పడక పుండ్లదీ అదే కథ. ముదురు రంగు చర్మం మీద మొదటి దశ ఎరుపు సరిగా కనబడదు. చేత్తో తాకి వేడి, గట్టిదనం, నొప్పి చూసి పట్టుకోవాలి. పుస్తకాల్లోని ఫోటోలు ఇప్పటికీ ఎక్కువగా తెల్ల చర్మానివే. మడమలు, తుంటి తాకి చూడటం ఇంట్లో, పడక పక్కన, ఓపికగా నేర్చుకోవాల్సిన పని. బేస్‌లో అల్మరా సర్దుతూ నేర్చుకునేది కాదు.

పైగా ఇంగ్లాండ్ కోసం బ్రిటన్ ప్రభుత్వమే 2025 జూలైలో ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో వైద్యాన్ని ఆసుపత్రి నుంచి కమ్యూనిటీకి తరలిస్తామని మొదటి లక్ష్యాల్లో ఒకటిగా చెప్పింది. ఇళ్లకు వెళ్లే నర్సులు ఇంకా ఎక్కువమంది కావాలన్నమాట. ఆ నర్సుల్లో విదేశాల నుంచి వచ్చి చదివినవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఇళ్లు చూపించకుండా రేపు ఇళ్లకు పంపుతారా?

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఏదీ ఆకాశానికి నిచ్చెన వేసే కోరిక కాదు.

కన్సల్టెన్సీలను కోరుతున్నవి:

1. ఫీజు మొదటి వాయిదా కట్టించే ముందే, ప్రాక్టీస్ గంటలు ఎన్ని, కమ్యూనిటీ ప్లేస్‌మెంట్ ఏ సంవత్సరంలో ఉంటుంది, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నది తెలుగులోనే ఒక కాగితం మీద రాసి విద్యార్థికీ, తల్లిదండ్రులకూ ఇవ్వండి. వాళ్ల సంతకం తీసుకోండి, మీ సంతకమూ పెట్టండి. విద్యార్థిని చేర్చినందుకు యూనివర్సిటీ నుంచి మీకు కమీషన్ వస్తుంది. ఆ కమీషన్‌లో ఈ ఒక్క కాగితం ఖర్చు ఎంత?

2. నర్సింగ్ విద్యార్థులకు పార్ట్‌టైమ్ ఆదాయాన్ని చూపించి బడ్జెట్ వేయకండి. ప్లేస్‌మెంట్ వారాల్లో సున్నా ఆదాయం అనుకుని లెక్క వేసి చూపించండి. ఆ లెక్క చూసి కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి.

3. లైసెన్స్ 12 నెలల నిబంధన చెప్పి, వచ్చిన తొలి నెలల్లోనే ప్రొవిజనల్‌కు దరఖాస్తు పెట్టుకోమని సలహా ఇవ్వండి.

యూనివర్సిటీలను కోరుతున్నవి:

4. ప్లేస్‌మెంట్ కేటాయించే ముందు విద్యార్థికి కారు ఉందా లేదా అడగండి. లేనివాళ్లను ఒకే బస్సులో ఎనిమిదికి ముందు చేరగలిగే బేస్‌లకు, లేదా ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండి నర్సులు నడిచి తిరిగే పట్టణ ప్రాంతాలకు వేయండి. దీనికి కావాల్సింది బస్సు టైమ్ టేబుల్ చూసే ఓపిక. కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

5. స్వదేశీ విద్యార్థులకు ఏ నియమం ప్రకారం ప్రయాణ ఖర్చు తిరిగి వస్తుందో, అదే నియమంతో మాకు మేం కట్టే అంతర్జాతీయ ఫీజులోంచి ఇవ్వండి. మేం కట్టేది వాళ్ల ఫీజుకంటే ఎక్కువే. ఇది మొత్తం డిమాండ్లలో మీకు కష్టంగా తోచేదని తెలుసు. అయినా ఇదే ముందు కావాలి, ఎందుకంటే మిగతా చాలా చిక్కులు దీనిలోంచే పుడుతున్నాయి.

6. బేస్‌కు ఎనిమిదికి చేరలేని విద్యార్థికి, ఇన్సులిన్ రౌండ్ ముగిశాక నర్సును ఏ వీధిలో కలుసుకోవాలో ముందురోజే చెప్పే పద్ధతి పెట్టండి. కొన్ని టీమ్‌లు తమంతట తాము ఇలా చేస్తున్నాయి, బాగానే నడుస్తోంది. రాతలో లేనందువల్ల నర్సు మారితే పద్ధతీ మారిపోతోంది.

7. ప్రయాణం వల్ల, టీమ్‌లో సిబ్బంది లేనందువల్ల పోయిన గంటలను కోర్సు తేదీలోపలే పూర్తి చేయించే బాధ్యత మీరు తీసుకోండి. ఆ కారణంగా వీసా పొడిగించాల్సి వస్తే ఆ ఖర్చు మీది.

8. చలికాలంలో సాయంత్రం డ్యూటీ అయ్యాక విద్యార్థి క్షేమంగా చేరినట్టు టీమ్‌కు ఒక మెసేజ్ పెట్టే ఏర్పాటును ప్లేస్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో చేర్చండి.

ఇక ఈ కోర్సుకు రావాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మీ అమ్మానాన్నలకు: రావద్దని నేను అనడం లేదు. కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు ఈ లేఖ ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. పైన చెప్పిన మొదటి డిమాండ్‌లోని మూడు ప్రశ్నలూ అడగండి. "అక్కడికి వెళ్లాక తెలుస్తుంది" అన్న జవాబు వస్తే, లేచి ఇంకో కన్సల్టెన్సీకి వెళ్లండి. ఆఫర్ లెటర్ వచ్చాక యూనివర్సిటీకే నేరుగా మెయిల్ పెట్టి, గత ఏడాది విదేశీ విద్యార్థులను ఏ ప్రాంతాల బేస్‌లకు వేశారో కనుక్కోండి. మీ ఫీజు వాళ్లకు అవసరం. కట్టకముందు అడిగిన ప్రశ్నకు దొరికినంత త్వరగా కట్టాక జవాబు దొరకదు.

ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మా యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ ద్వారా ప్లేస్‌మెంట్ ఆఫీసుకు మళ్లీ పంపుతున్నాం. ఈసారి మాకు కావాల్సింది ధన్యవాదాలు కాదు. పై ఎనిమిదిలో ఏవి చేస్తారు, ఏవి చేయరు, చేయనివాటికి కారణం ఏమిటి అన్నది పాయింట్లవారీగా, రాతలో. వచ్చే సెప్టెంబర్ బ్యాచ్‌కు సీట్లు ఖరారయ్యే లోపు ఆ జవాబు అందాలి. అందినా అందకపోయినా, ఏం జరిగిందో ఇదే తెలుగులో తల్లిదండ్రులకు తెలియజేస్తాం.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని,
అడల్ట్ నర్సింగ్, రెండో సంవత్సరం, ఇంగ్లాండ్